జీకేకి బిట్ బ్యాంకా, దినపత్రికా? ఇంజినీరింగ్ విద్యార్థికి ఏది మేలు?

మూడేళ్ల కిందట మా కాలేజీ క్విజ్ ఫైనల్లో "టకోమా నారోస్ వంతెన ఎందుకు కూలింది?" అని అడిగాను. ప్రశ్న పూర్తికాకముందే మెకానికల్ బ్రాంచి కుర్రాడొకడు "రెజొనెన్స్ సార్!" అని లేచాడు. హాలంతా చప్పట్లు. నా చేతిలో ఉన్న కాగితంలోనూ, వాడు చదివిన బిట్ బ్యాంకులోనూ ఉన్నది అదే. మార్కు వేసేశాను. ఆ రాత్రి స్ట్రక్చర్స్ చెప్పే సహోద్యోగి ఫోన్ చేసి, "ఆ జవాబు సరికాదండీ" అన్నారు.

ఆయన విడమరిచి చెప్పింది ఇదీ. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ వంతెనను 1940 జులై 1న తెరిచారు. నవంబరు 7న కూలిపోయింది. రెండు స్తంభాల మధ్య స్పాన్ 853 మీటర్లు, వెడల్పు చూస్తే 12 మీటర్లే. పక్కన ఉన్నవి నిండు ఉక్కు పలకల గిర్డర్లు (దూలాలు) కాబట్టి గాలి వాటి మధ్య నుంచి పోయే దారి లేదు. ఆ రోజు గాలి వేగం గంటకు సుమారు 64 కిలోమీటర్లు. రెజొనెన్స్ కావాలంటే బయటి బలం వంతెన సహజ పౌనఃపున్యానికి, అంటే అది తనంతట తాను ఊగే లయకు తగ్గట్టు పదేపదే తోయాలి. అక్కడ గాలి నిలకడగానే వీస్తోంది. వంతెన మెలి తిరిగిన ప్రతిసారీ దాని మీద గాలి ఒత్తిడి మారింది, మారిన ఒత్తిడి మెలికను ఇంకా పెంచింది. దీన్నే ఫ్లటర్ అంటారు. ఊయలను ఒకరు వెనక నుంచి తోయడం వేరు, ఊగే వస్తువే గాలిలోంచి శక్తిని లాక్కోవడం వేరు. ఈ తేడా ఒక్క ముక్క జవాబులో ఇమడదు.

అప్పటి నుంచి జీకే ఎలా చదవాలని పిల్లలు అడిగినప్పుడల్లా బిట్ బ్యాంకునీ, పేపరునీ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తున్నాను.

బిట్ బ్యాంకును తీసిపారేయలేం. సెమిస్టర్ పరీక్షలు, ల్యాబ్ రికార్డులు, సప్లీల టెన్షన్ మధ్య పిల్లలకు దొరికేది రోజుకు అరగంట. బస్సులో నిలబడి కూడా నలభై బిట్లు తిప్పేయొచ్చు. ఇంజనీర్స్ డే సెప్టెంబరు 15 ఎవరి పుట్టినరోజు, ఆర్యభట్ట ఉపగ్రహం ఏ సంవత్సరంలో వెళ్లింది, ధవళేశ్వరం ఆనకట్ట ఎవరు కట్టించారు లాంటివి మారవు, బట్టీ పట్టినా నష్టం లేదు. చిక్కంతా మారే సంగతులతోనే. కిలోగ్రామ్ అంటే పారిస్ దగ్గర భద్రపరిచిన ప్లాటినం-ఇరీడియం స్తూపం బరువు అని ఇంకా అచ్చేస్తున్న పుస్తకాలు నేను చూశాను. 2019 మే 20 నుంచి కిలోగ్రామ్‌కు ఆధారం ప్లాంక్ స్థిరాంకం అనే, ఎప్పటికీ మారని భౌతిక విలువ. అలాగే నది మట్టానికి 359 మీటర్ల ఎత్తున చీనాబ్ వంతెన వచ్చాక, ఎత్తయిన రైలు వంతెన ఏదన్న పాత బిట్టుకు కాలం చెల్లింది. "అతి పెద్ద", "అతి పొడవైన" అని మొదలయ్యే బిట్టు కనబడితే ముందు పుస్తకం ఏ ఏడాదిదో చూడమంటాను.

పేపరు చదవడం నిదానం. మొదటి నెల ఏమీ పోగుపడినట్టు అనిపించదు. కానీ ఇంజినీరింగ్ పిల్లలకు అందులో ఉన్నది బిట్ బ్యాంకులో దొరకదు. జులై, ఆగస్టుల్లో కృష్ణకు వరద వచ్చినప్పుడు నీటిమట్టాల వార్త చూడండి. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, నిల్వ సామర్థ్యం 312 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో క్యూసెక్కుల్లో ఇస్తారు. చాలామంది అంకెలు చూసి పేజీ తిప్పేస్తారు. నేను తరగతిలో పెన్ను పట్టిస్తాను. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. రోజుకు 86,400 సెకన్లు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. ఇప్పుడు డ్యాములో 200 టీఎంసీలున్నాయి, ఇన్‌ఫ్లో మూడు లక్షలు, ఔట్‌ఫ్లో యాభై వేలు అనుకుందాం. మిగిలేది రెండున్నర లక్షలు, రోజుకు 21.6 టీఎంసీలు. ఇంకా కావలసినవి 112. వరద అలాగే ఉంటే అయిదు రోజులు దాటగానే డ్యాము నిండుతుంది. ఈ లెక్క ఒక్కసారి సొంతంగా వేసినవాడికి టీఎంసీ అంటే ఏమిటో మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. వరద నీళ్లు వదిలే క్రెస్ట్ గేట్లు 26 అన్న బిట్టు కూడా ఆ లెక్కతో పాటే గుర్తుండిపోతుంది.

ఫోన్‌లో వచ్చే రోజువారీ క్విజ్‌ల గురించి ఎక్కువ చెప్పను. తప్పు పెట్టినప్పుడు కారణం కూడా చూపించేదైతే వాడండి, లేదంటే అదీ ఒక బిట్ బ్యాంకే.

ఏది మేలన్నది ఏ పరీక్ష రాస్తున్నారన్న దాని మీద కూడా ఉంటుంది. ఎంటెక్ సీటు కోసం రాసే గేట్‌కు జీకే అక్కర్లేదు. అక్కడ 15 మార్కుల జనరల్ ఆప్టిట్యూడ్‌లో ఉండేది భాష, లెక్కలు, తర్కం. ఇంజినీరింగ్ సర్వీసెస్ ప్రిలిమ్స్ సంగతి వేరు. మొదటి పేపరు 200 మార్కులు. వర్తమాన విషయాలతో పాటు ఇంధనం, పర్యావరణం, నాణ్యతా ప్రమాణాలు, డిజైన్, భద్రత, వృత్తి నైతికత దాకా అడుగుతారు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. సగం గుర్తున్న బిట్టు అక్కడ మార్కు తేకపోగా ఉన్నది కూడా పోగొడుతుంది. ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) లాంటి రాష్ట్ర పోస్టులకు జనరల్ స్టడీస్‌లో చరిత్ర, పాలన, భూగోళం విస్తారంగా ఉంటాయి కాబట్టి చివరి రెండు నెలలు బిట్ బ్యాంకు తప్పదు. క్యాంపస్ ఇంటర్వ్యూలో మాత్రం "ఎందుకు?" అని రెండో ప్రశ్న వేస్తే బిట్టు అక్కడితో ఆగిపోతుంది.

కాబట్టి నా ఓటు పేపరుకే. మొదటి రెండేళ్లూ రోజుకు ఒక్క వార్త, అదీ మీ బ్రాంచికి దగ్గరగా ఉన్నది తీసుకుని నోట్‌బుక్‌లో నాలుగు వరుసలు రాయండి: ఏం జరిగింది, ఎక్కడ, ఎంత, ఎందుకు. నాలుగోది రాయలేకపోతే లైబ్రరీకి వెళ్లండి, లేదా మీ సార్‌ను అడగండి. వారానికోసారి ముగ్గురు నలుగురు కూర్చుని ఆ నోట్‌బుక్‌ల్లోంచే ఒకరినొకరు ప్రశ్నించుకోండి. బిట్ బ్యాంకును పరీక్ష ముందు, ఏం వదిలేశామో చూసుకోవడానికి తెరవండి.

ఆ మెకానికల్ కుర్రాణ్ణి మర్నాడు పిలిచి, నేను వేసిన మార్కు సరైంది కాదని చెప్పాను. నొచ్చుకోలేదు. వారం తిరక్కుండా ఫ్యాన్ ముందు అట్టముక్క కట్టి, అది గాలికి మెలి తిరగడం మొదలుపెట్టగానే నన్ను ల్యాబ్‌కు పిలిచాడు. నిలకడగా తిరిగే ఫ్యాన్ ముందు ఆ అట్ట ఒక పక్కకు ఒరిగి, ఇంకో పక్కకు విసురుగా తిరిగి, చివరికి దారం తెంపుకొంది. "సార్, ఈసారి మార్కు ఇవ్వండి" అన్నాడు.