అరుంబాక్కం ఆసుపత్రా, ఊరి చివరి కేంద్రమా?

చెన్నై తెలుగువాళ్లకు ప్రకృతి వైద్యంలో రెండు దారులున్నాయి. ఒకటి అరుంబాక్కంలోని ప్రభుత్వ యోగా, ప్రకృతి వైద్య కళాశాల ఆసుపత్రి. రెండోది నగరం దాటాక, వారం పదిరోజులు ఉండి చేయించుకునే ప్రైవేటు కేంద్రం.

ఖర్చులో పోటీయే లేదు, ప్రభుత్వాసుపత్రే నయం. ప్రైవేటులో గది అద్దె ఒక ఎత్తయితే, అన్నాళ్లు పని మానుకోవడం మరో ఎత్తు. రోజుకూలీకి అది కుదిరే పని కాదు.

భాష దగ్గర లెక్క మారుతుంది. ప్రైవేటులో పేరు రాసుకునే బల్ల దగ్గర తెలుగు వినిపిస్తుంది, తొట్టిస్నానం గదిలో వినిపించకపోవచ్చు. కటిస్నానంలో, అంటే నడుము దాకా నీళ్లున్న తొట్టిలో కూర్చున్న నెల్లూరు పెద్దావిడకు కళ్లు తిరిగితే చెప్పాల్సింది లోపలున్న మనిషికి కదా! ప్రభుత్వాసుపత్రిలో అంతా తమిళమే అనుకున్నా, మనవరాలిని వెంట తీసుకెళ్తే సగం గండం గడుస్తుంది.

మట్టిపట్టీకి, మర్దనకు బట్టలు సడలించాలి. 2008లోనే ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ బోర్డు పెట్టిన రాష్ట్రమిది. అయినా "ఆడవాళ్ల వైపా, మగవాళ్ల వైపా?" అని అందరి ముందూ అడిగితే ఎవరు మళ్లీ వస్తారు? ఈ ప్రశ్న విడిగా, మెల్లగా అడిగే చోటుకే నా ఓటు. అది ఏ పక్షమైనా సరే.

తిండి విషయంలో ప్రైవేటు కేంద్రాలంటే నాకు చిరాకు. చేపల పులుసు తినే మనిషికి ముందు ఉపన్యాసం, తర్వాత పచ్చికూరల పళ్లెం. ఇన్సులిన్ వేసుకునేవారిని మాత్రం వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఎక్కడా ఉపవాసం ఉంచకూడదు.

మోకాళ్లు కదలని వాళ్లకైతే రోజూ బస్సెక్కడం నరకమే. స్తోమత ఉంటే వాళ్లు రెండోదానికి వెళ్లడమే నయం. ర్యాంపు ఉందో లేదో ముందే ఫోనులో అడగండి.