కంటి శిబిరమా, బడిలో ఆర్‌ఓ ప్లాంటా, చలివేంద్రమా: క్లబ్ డబ్బుకు ఏది మేలు?

లయన్స్ క్లబ్‌కైనా రోటరీకైనా ఏడాది జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఆ రోజుతో ప్రెసిడెంట్ పదవీకాలం అయిపోతుంది. చాలా క్లబ్బుల్లో సెక్రటరీ, ట్రెజరర్ కూడా మారిపోతారు. ఏ సేవకు డబ్బు పెట్టాలా అని బోర్డు మీటింగులో కూర్చున్నప్పుడు ఖర్చెంత, ఎంతమందికి అందుతుంది అనే లెక్కలే ఎక్కువగా వినిపిస్తాయి. అంతకంటే ముందు అడగాల్సింది వేరే ఉంది. ఈ పని ఎన్నాళ్ళు నడవాలి? అన్నాళ్ళూ దాన్ని చూసుకునేదెవరు? ముప్పై నలభై మంది సభ్యులున్న చిన్న పట్టణం క్లబ్బు, చేతిలో లక్ష నుంచి రెండు లక్షల రూపాయలు ఉన్నాయనుకుని మూడు పనుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం: ఎక్కువ ఊళ్ళకు కంటి శిబిరమే మేలు. అయితే శిబిరం రోజుతో పని అయిపోయిందనుకునే క్లబ్బుకు మాత్రం కాదు.

ఏది ఎంచుకున్నా డబ్బు విషయంలో ఒక్కటి గుర్తుంచుకోవాలి. ప్రజల దగ్గర వసూలు చేసింది సేవకే పోవాలి. క్లబ్బు నడిపే ఖర్చు సభ్యుల చందాల్లోంచి రావాలి. లయన్స్‌లో ఈ రెండు ఖాతాలూ విడిగా ఉంచాలన్నది నియమం. సభ్యుల భోజనాలు, శాలువాలు, ప్రెసిడెంట్ ఫొటో ఉన్న ఫ్లెక్సీలు సేవా ఖాతాలో రాయడం తప్పు. ఆ ఫ్లెక్సీల డబ్బుతో ఎంతమందికి చుక్కల మందు వస్తుందో లెక్కేసుకుంటే చాలు.

కంటి శిబిరం

1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకు వచ్చి అంధుల పక్షాన నిలవమని కోరినప్పటి నుంచి కంటి సేవ ఆ సంస్థకు ప్రధానమైన పని. ఒకప్పుడు బడి గదుల్లో, సత్రాల్లో ఆపరేషన్లు చేసేవారు. ఇన్ఫెక్షన్ల భయంతో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు ఊళ్ళో పరీక్షలు మాత్రమే చేస్తారు. శుక్లాలున్నవాళ్ళను బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళి అక్కడ ఆపరేషన్ చేయిస్తారు.

ఈ పనిలో క్లబ్బుకు కలిసొచ్చేది ఏమిటంటే, అసలు ఖర్చు తన మీద పడదు. ధర్మ కంటి ఆసుపత్రులు చాలావరకు ఆపరేషన్, లెన్సు ఉచితంగా ఇస్తాయి. మైకు ఆటో, కరపత్రాలు, టెంటు, కుర్చీలు, వచ్చినవాళ్ళకు భోజనం, బస్సు, ఆపరేషన్ తర్వాత రాకపోకలు క్లబ్బు చూసుకోవాలి. ఒప్పుకునే ముందే ఆసుపత్రిని అడిగి రాయించుకోవాల్సినవి ఉన్నాయి: ఏ లెన్సు వేస్తారు, రోగితో పాటు ఒకరిని ఉండనిస్తారా, మందులు ఎన్నాళ్ళకు సరిపడా ఇస్తారు, రాత్రిపూట ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి. జిల్లా వైద్యారోగ్య శాఖకు ముందే తెలియజేసి అనుమతి తీసుకోవాలి.

శిబిరం జరిగే చోట ఆరు మీటర్ల పొడుగున్న వరండా గానీ హాలు గానీ కావాలి. అక్షరాలు రానివాళ్ళకు ఇంగ్లిష్ 'E' గుర్తుల చార్టు పెడతారు, గుర్తు ఎటు తిరిగి ఉందో చేత్తో చూపిస్తే చాలు. చార్టును కిటికీ పక్కన వెలుతురుకు ఎదురుగా తగిలిస్తే రోగి కళ్ళు మిరుమిట్లు గొలిపి చూపు తక్కువగా తేలుతుంది. ఒక కన్ను మూసేటప్పుడు అరచేత్తో మూయించాలి. వేళ్ళతో మూస్తే సందుల్లోంచి చూసి చెప్పేస్తారు. చూపు పరీక్ష అయ్యాక బీపీ, షుగరు, ఆ తర్వాతే డాక్టరు.

గాడి తప్పేది ఎక్కువగా ఇక్కడే. కంటి పరీక్ష అనగానే పెద్దవాళ్ళు పరగడుపున, బీపీ మాత్ర కూడా వేసుకోకుండా వచ్చేస్తారు. బీపీ ఎక్కువ ఉందని డాక్టరు వెనక్కి పంపిస్తే మళ్ళీ రారు. 'రోజూ వేసుకునే మాత్రలు మానొద్దు, టిఫిన్ తిని రండి' అని మైకులోనే చెప్పించాలి. కరపత్రంలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాల్సింది కూడా ఈ మాటే.

తర్వాతది బస్సు రోజు. పేర్లు రాయించుకున్నవాళ్ళంతా ఎక్కరు. తోడు ఎవరూ లేరనో, గేదెను చూసేవాళ్ళు లేరనో, పత్తి తీతలు నడుస్తున్నాయనో ఆగిపోతారు. రిజిస్ట్రేషన్‌లో రోగి నంబరుతో పాటు కొడుకుదో కోడలిదో నంబరు కూడా తీసుకుని, ముందు రోజు సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే ఆగిపోయేవాళ్ళు తగ్గుతారు. ఒంటరి ఆడవాళ్ళ కోసం క్లబ్బు తరఫున ఒక మహిళ బస్సులో వెళ్ళాలి. పత్తి ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా శిబిరం పెట్టకపోవడమే మంచిది. సంక్రాంతి దాటాక మార్చి లోపు పెట్టుకుంటే పనులూ తెరిపిన పడతాయి, ఎండలూ ముదరవు.

శిబిరం మంచి చెడ్డలు తేలేది మాత్రం ఆపరేషన్ అయ్యాకే. చుక్కల మందు చాలా చోట్ల మొదట్లో రోజుకు ఆరుసార్లు మొదలుపెట్టి, తగ్గించుకుంటూ దాదాపు ఆరు వారాలు వేయమంటారు. ఇచ్చిన సీసా మూడో వారంలోనే అయిపోతే కొనుక్కోలేక మానేస్తారు. అందుకని ఒక్కొక్కరికి ఒక సీసా అదనంగా బడ్జెట్‌లో పెట్టుకోవాలి. డాక్టరు చెప్పేదాకా తలస్నానం వద్దనీ, కట్టెల పొయ్యి పొగకు దూరంగా ఉండమనీ రోగికి కాదు, ఇంట్లో వంట చేసేవాళ్ళకు చెప్పాలి. ఆపరేషన్ అయిన కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, వచ్చిన చూపు మళ్ళీ తగ్గినా ఆ రోజే ఆసుపత్రిలో ఉండాలి. కన్ను లోపల ఇన్ఫెక్షన్ చేరితే ఒక్క రోజు ఆలస్యానికి చూపే పోవచ్చు. ఈ ఒక్క అవసరానికి అర్ధరాత్రి కూడా కారు తీసే సభ్యుడు ఒకరు ఉన్నాకే శిబిరం పెట్టాలి. వారం తర్వాత ఒకసారీ, నెల తర్వాత మరోసారీ చూపించుకోవడానికి బస్సు ఖర్చు కూడా మొదటి రోజే పక్కన పెట్టేయాలి.

శిబిరానికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు, దగ్గరి చూపు అద్దాలు చాలు. నలభై దాటిన ఎవరికైనా ఈ ఇబ్బంది వస్తుంది. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళకూ, పోచంపల్లి, చీరాల, మంగళగిరి మగ్గాల మీద కూర్చునేవాళ్ళకూ దారం కనిపించకపోతే కూలే తగ్గిపోతుంది. ప్లస్ ఒకటి నుంచి ప్లస్ మూడు దాకా రెడీమేడ్ అద్దాలు హోల్‌సేల్‌గా తక్కువ ధరకే దొరుకుతాయి. రెండు కళ్ళకూ పవర్ ఒకటే ఉంటేనే అవి ఇవ్వాలి, తేడా ఉన్నవాళ్ళకు విడిగా చేయించాలి. తెలంగాణలో కంటి వెలుగు 2018 ఆగస్టు 15న, రెండో విడత 2023 జనవరి 18న మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైంది. అప్పుడు అద్దాలు తీసుకున్నవాళ్ళకు వయసుతో పాటు పవర్ మారి ఉంటుంది. 'సర్కారు ఇచ్చేసింది కదా' అని వాళ్ళను వదిలేయకూడదు.

బడిలో ఆర్‌ఓ ప్లాంటు

దాతలకు ఇది బాగా నచ్చుతుంది, ఎందుకంటే కళ్ళెదుట కనిపిస్తుంది, గోడ మీద పేరు ఉంటుంది. గంటకు 250 లీటర్ల ప్లాంటు లక్ష అటూ ఇటూగా వస్తుంది. మూడు వందల మంది పిల్లలు తలా లీటరున్నర తాగితే రోజుకు 450 లీటర్లు, అంటే రెండు గంటల లోపే పని అయిపోతుంది. లెక్క ఇక్కడిదాకా బాగానే ఉంటుంది.

ప్లాంటును చంపేది వేసవి సెలవులు. ఏప్రిల్ చివర్లో బడి మూస్తే జూన్ రెండో వారం దాకా మోటారు వేసేవాళ్ళుండరు. నిలవ నీటిలో మెంబ్రేన్ (ప్లాంటులో నీటిని వడకట్టే సన్నని పొర) మీద బ్యాక్టీరియా పేరుకుంటుంది. బడి తెరిచాక నీళ్ళు సన్నగా, వాసనతో వస్తాయి. సెలవులకు ముందు మెంబ్రేన్‌లో ఒక శాతం సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణం నింపి మూసేయాలి, లేదా వాచ్‌మన్‌తో రోజూ పది పదిహేను నిమిషాలైనా నడిపించాలి. బడి తెరిచే వేళకు క్లబ్బులో ప్రెసిడెంట్ మారే సమయం వచ్చేస్తుంది. పాడైన సంగతి ఎవరికి చెప్పాలో హెడ్‌మాస్టరుకు తెలియదు, కొత్త ప్రెసిడెంట్‌కు తన ప్రాజెక్టు మీదే ధ్యాస. ఇందులో ఏ ఒక్కరి తప్పూ లేదు, పనే అలాంటిది. మెంబ్రేన్‌కు ముందు మురికిని ఆపే ఐదు మైక్రాన్ల ఫిల్టరు కార్ట్రిడ్జ్ నెలా రెండు నెలలకోసారి, మెంబ్రేన్ రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. ఉప్పు పేరుకోకుండా వేసే మందు డబ్బా ఖాళీ అయితే మెంబ్రేన్ అంతకంటే ముందే పోతుంది. లో వోల్టేజీకి మోటారు కాలిపోవడం వేరే.

వృథా నీటి సంగతి ముందే చూసుకోవాలి. సగం నీళ్ళు తాగడానికొస్తే సగం బయటికి పోతాయి, బోరులో ఉన్న ఉప్పు, ఫ్లోరైడ్ దాదాపుగా ఆ సగంలోనే మిగులుతాయి. బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే బయటికి పోయేదాంట్లో 6 దాకా ఉంటుంది. దాన్ని మధ్యాహ్న భోజనం కూరగాయల మడికి వదలకూడదు, మరుగుదొడ్ల ట్యాంకుకు పైపు వేయాలి.

అసలు ఆర్‌ఓ అవసరమా అన్నది నీటి పరీక్ష చెప్పాలి, ప్లాంటు అమ్మేవాళ్ళు కాదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించవచ్చు. తాగునీటి ప్రమాణం ప్రకారం టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న ఉప్పులు, ఖనిజాల మొత్తం) లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీరు లేకపోతే 2000 దాకా అనుమతిస్తారు. ఫ్లోరైడ్‌కు ఆ హద్దులు 1, 1.5. టీడీఎస్ 500 లోపే ఉండి, సమస్య క్రిములదే అయితే సంపు కడిగించి క్లోరిన్ వేయిస్తే సరిపోతుంది. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చే బడికి కావలసింది మూతలున్న ట్యాంకు, పిల్లల ఎత్తుకు తగ్గ పది పన్నెండు కుళాయిలు, కింద నీళ్ళు నిలవని గచ్చు. ఆంధ్రలో 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు కింద చాలా బడుల్లో తాగునీటి ఏర్పాటు జరిగింది. మీ ఊరి బడిలో అలాంటి ప్లాంటు మూలపడి ఉంటే కొత్తది కొనకుండా దాన్ని బాగు చేయించి, మూడేళ్ళ మెయింటెనెన్స్ కాంట్రాక్టు కట్టండి. అదే డబ్బుకు రెండు మూడు బడులు నిలబడతాయి. ఆ పనికి రిబ్బన్ కటింగ్ ఉండకపోయినా పిల్లలు తాగేది ఆ నీళ్ళే.

చలివేంద్రం

దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. రోజుకు పది క్యాన్లు, క్యాను ఇరవై రూపాయలు, మనిషి కూలి నాలుగు వందలు అనుకుంటే రోజుకు ఆరు వందలు, డెబ్బై ఐదు రోజులకు నలభై ఐదు వేలు. మార్చిలో మొదలై జూన్ మొదట్లో ముగుస్తుంది కాబట్టి క్లబ్బు ఏడాదిలో సరిగ్గా ఇమిడిపోతుంది. కుండలో గ్లాసులు ముంచనివ్వకుండా పొడుగు కాడ గరిటె పెట్టడం, కుండలు రోజూ రుద్ది కడగడం, ఆదివారం కూడా మనిషి ఉండటం చూసుకోవాలి. సభ్యుడి షాపు ముందు కాకుండా బస్టాండు, మార్కెట్ యార్డు, ప్రభుత్వాసుపత్రి గేటు దగ్గర పెట్టాలి. సగం డబ్బు కూడా కాదు కనుక దీన్ని కంటి శిబిరంతో కలిపి చేసుకోవచ్చు.

ప్లాంటే ముందు రావాల్సిన ఊళ్ళూ ఉన్నాయి. బోరు తప్ప వేరే నీరు లేక, ఆ బోరులో ఫ్లోరైడ్ 1.5 దాటితే కంటి శిబిరం వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. పిల్లల పళ్ళకూ ఎముకలకూ జరిగే నష్టం తర్వాత సరిదిద్దలేనిది. అప్పుడు మాత్రం లక్ష చేతిలో ఉంటే అరవై వేలలో వచ్చే చిన్న ప్లాంటే కొని, నలభై వేలు బడి పేరున విడి ఖాతాలో వేయండి. ఆ ఖాతాలో సంతకం హెడ్‌మాస్టరుదీ, క్లబ్బులో పదవితో మారని ఒక సీనియర్ సభ్యుడిదీ ఉండాలి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, కార్ట్రిడ్జ్ ఎవరు మార్చాలి, సెలవుల్లో తాళం ఎవరి దగ్గర ఉండాలి అన్నవి ఒక కాగితం మీద రాసి స్కూలు కమిటీతో సంతకం చేయించి, ఒక కాపీ ప్లాంటు గదిలోనే అంటించండి.