పంట లేని ఫార్మ్ స్టే, పక్కనే పప్పుశనగ చేను

గండికోట వైపు ఫార్మ్ స్టే కోసం వెతికేవాళ్లు అడ్వాన్స్ పంపే ముందు ఒక్క మాట అడగండి: "మీ చేలో ఇప్పుడు ఏ పంట ఉంది?" సంక్రాంతి సెలవులకు మేం దిగిన చోట పంటే లేదు. వరసగా టెంట్లు, సిమెంటుతో చేసిన ఎద్దుల జత, లాన్. ఆ లాన్‌లో 'గడ్డి తొక్కరాదు' అని బోర్డు!

టెంట్ 4,500. మా ఇద్దరికీ పిల్లలకూ ఒకటి, అత్తమ్మకూ మామయ్యకూ ఇంకోటి, మొత్తం 9,000. ఎడ్లబండి, చలిమంట, గాలిపటాలు అన్నీ ఉంటాయని ఫోన్‌లో చెప్పారు. వెళ్లాక మొదలైంది అసలు లెక్క. ఎడ్లబండికి మనిషికి 150, అదీ కాంపౌండ్ లోపల రెండు చుట్లు. గాలిపటం 80. చలిమంట గంటకు 800. కట్టెలేమో పచ్చి తుమ్మ, మంట రాలేదు గానీ పొగ మాత్రం కడుపు నిండా తాగాం. రాత్రి చలికి ఇంకో దుప్పటి అడిగితే దానికీ 100. ఏది అడిగినా మేనేజర్‌ది ఒకటే పాట, "ప్యాకేజీలో లేదు సార్."

"మా ఊళ్లో భోగి మంటకు దుడ్లు అడిగుంటే ఆ కట్టెతోనే కొట్టేటోళ్లు," అంది అత్తమ్మ, ఆయనకు వినపడేలాగే. రాగి సంగటి, నాటుకోడి పులుసు అని ఊరించి ప్లేటు 380కి బ్రాయిలర్ కూర, ఉండలు కట్టిన సంగటి పెట్టారు. మా ఆవిడ రెండు ముద్దలు తిని లేచింది. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

పొద్దున్నే పిల్లల్ని తీసుకుని గేటు దాటాను. రోడ్డు పక్కనే నల్లరేగడిలో పప్పుశనగ చేను, ఆకు ఆకుకీ మంచు. చిన్నోడు ఆకు పట్టుకుని వేలు నోట్లో పెట్టుకున్నాడు. "నాన్నా, పుల్లగా ఉంది!" శనగాకు మీది సన్నటి నూగులోంచి పులుపు ఊరుతుంది, అది మంచులో కలుస్తుంది. చేలో ఉన్న రైతు మమ్మల్ని చూసి, "యాడ్నించొచ్చినారు సార్? పిల్లోళ్లను రానీ, కాయలు కాల్చుకుందురు," అన్నాడు. వాళ్ల అమ్మ రాత్రిపూట చెట్ల మీద గుడ్డ పరిచి, పొద్దున ఆ గుడ్డను పిండి, ఆ పులుపును కడుపునొప్పికి ఇచ్చేదట.

ఎండిన జొన్న చొప్ప అంటించి, కాయలున్న శనగ చెట్లను వేళ్లతో సహా దాని మీద వేశారు. ఆకు చిటపటమని కాలిపోయి కాయలు బూడిదలో రాలాయి. అరచేతుల్లో నలిపి, ఊది, నోట్లో వేసుకోవడమే. గింజ బయట మసి వాసన, లోపల పచ్చిదనం, తీపి. ఫోన్ చేస్తే అత్తమ్మా వాళ్లూ వచ్చారు. మా ఆవిడ నల్లటి మూతితో నవ్వుతుంటే నాకున్న టెన్షన్ పోయింది. డబ్బులిస్తే ఆయన తీసుకోలేదు. మా 80 రూపాయల గాలిపటం మాత్రం వాళ్లబ్బాయి తీసుకున్నాడు.

గండికోటలో పెన్న లోయ, మాధవరాయ ఆలయం, ధాన్యాగారం చూశాం, లోయ అంచున పిల్లల చెయ్యి వదలొద్దు. తిరుగు దారిలో బెలుం గుహలు, 3,229 మీటర్ల పొడవున్నవి. లోపల ఉక్కగా ఉంటుంది, స్వెట్టర్లు కార్లోనే వదిలేయండి. రెండో రాత్రి జమ్మలమడుగులో లాడ్జి తీసుకున్నాం. గది 1,400, పొద్దున బకెట్ వేడినీళ్లు, దుప్పట్లు అడక్కుండానే ఇచ్చారు.

నన్నడిగితే పడుకోవడానికి లాడ్జి, ఆడుకోవడానికి రైతు చేను. వానలు తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో వేసిన శనగ సంక్రాంతికి లేత కాయ మీద ఉంటుంది, ఫిబ్రవరికల్లా ఎండిపోతుంది. అనంతపురం వైపు వానకు వేసిన వేరుశనగ అప్పటికే పీకేసి ఉంటారు, పిల్లలకు చూపించడానికి చాలాచోట్ల ఖాళీ ఎర్రనేలే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: శనగకు కాయతొలుచు పురుగు పడుతుంది, మందు కొడతారు. ఎప్పుడు కొట్టారో అడిగాకే కాయ ముట్టుకోనివ్వండి. మేం అడిగితే ఆ రైతు, మొన్న మందు కొట్టిన చేను రోడ్డవతలిదని చూపించి, కొట్టని ఇవతలి దాంట్లోకే మమ్మల్ని తీసుకెళ్లాడు.