ఒత్తితే ఆగిపోయే పాలిషర్: ఇంట్లో వేసిన పెయింట్ మీద రెండేళ్ల వాడకం తర్వాత

డ్యూయల్ యాక్షన్ పాలిషర్ (ప్యాడ్‌ను తిప్పుతూనే ఊపుతూ పెయింట్‌కు మెరుపు తెచ్చే మెషిన్) మీద అందరిదీ ఒకటే ఫిర్యాదు: కాస్త గట్టిగా ఒత్తితే ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. ఇంట్లో పెయింట్ వేసుకున్న కారుకు నాకు బాగా నచ్చింది ఆ గుణమే. మన చేత్తో కొట్టిన క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పూత) అంతటా ఒకే మందంలో పడదు. డోర్ అంచుల్లో, బానెట్ మడతల మీద పల్చగా ఉంటుంది. ప్యాడ్‌ను తిప్పడమే తప్ప ఊపని రోటరీ మెషిన్ అయితే అక్కడ క్షణాల్లో రంగు దాకా తినేస్తుంది. ఇది అంచు తగలగానే నెమ్మదిస్తుంది. అయినా అంచులకు మాస్కింగ్ టేప్ వేయాల్సిందే.

2000 నంబర్ వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం, నంబర్ పెరిగేకొద్దీ నునుపు) చాలు, మిగతాది మెషిన్ చూసుకుంటుందని మొదట్లో చాలామందికి చెప్పాను. ఇప్పుడు ఆ మాట అనను. 1500తో ఆరెంజ్ పీల్ (నారింజ తొక్కలాంటి గరుకు) తీసి, 2000ని దానికి అడ్డంగా రుద్ది, ఆపై స్పాంజ్ వీపున్న 3000 డిస్క్‌ను ఇదే మెషిన్‌కు తగిలించి నీళ్లు చిలకరిస్తూ నడపాలి. అప్పుడు కాంపౌండ్ (మెరుపు తెచ్చే పేస్ట్) పెట్టకముందే మసక మెరుపు కనిపిస్తుంది. రుద్దిన నీళ్లు పాలలా ఉన్నంతసేపూ క్లియర్‌లోనే ఉన్నట్టు. కారు రంగు దిగిందంటే వెంటనే ఆపేయాలి. తెల్ల కారుకు ఈ గుర్తు పనికిరాదు.

ఎనిమిదో నెలలో, ఫెండర్ వంపు మీద పని జరుగుతుండగా, ప్యాడ్ ఊడిపోయింది. ప్యాడ్‌ను పట్టుకునే బ్యాకింగ్ ప్లేట్ మధ్యలో వెల్‌క్రో కొక్కేలు కరిగి, నున్నగా అతుక్కుపోయాయి. కారణం ఆ ఆగిపోవడమే. వంపు మీద ప్యాడ్ తిరగకపోయినా మోటారు దాన్ని ఊపుతూనే ఉంటుంది. రాపిడి వేడంతా మధ్యలో చేరుతుంది. బయట ప్యానెల్ గోరువెచ్చగానే ఉంటుంది కాబట్టి చెయ్యి పెట్టి చూస్తే తెలియదు. కొత్త ప్లేట్ అంచున నల్ల మార్కర్‌తో గీత గీశాను. గీత తిరుగుతూ కనిపించాలి, నిలిచిపోతే ఒత్తిడి తగ్గించాలి. స్పీడ్ 4 దాటనివ్వను, ఒక్కో ప్యానెల్‌కు ప్యాడ్ మారుస్తాను, వేడెక్కిన ప్యాడ్‌ను ప్లేట్ మీదే వదిలేయను. వంపులకు మూడంగుళాల ప్లేట్ వేరే పెట్టుకున్నాను. ఆ తర్వాత మళ్లీ ఊడలేదు.

కాంపౌండ్ అడుగున్నర చదరానికి శనగ గింజంత చుక్కలు నాలుగు చాలు. ఎక్కువైతే ప్యాడ్ జారుతుంది తప్ప కోయదు.

నిగనిగ వచ్చి కొన్ని వారాలకే మసకబారితే తప్పు మెషిన్‌ది కాదు, లోపలి థిన్నర్ ఇంకా ఆవిరవుతోంది. కనపడని మూల గోరు నొక్కి చూడాలి, గుంట పడితే ఇంకా ఆగాలి.

నావి చాలావరకు చదును ప్యానెళ్లు, హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపిన 2కే, అంటే రెండు భాగాల క్లియర్, మూడు పూతలు. అందుకే నాకు కుదిరింది. హార్డెనర్ లేని స్ప్రే డబ్బా పెయింట్ వేడికి మెత్తబడి, ప్యాడ్ కింద ముద్దలు కడుతుంది. దానికి మెత్తని స్పాంజ్‌తో చేతి పనే మేలు.