రెండో జీతమా, ఇంటిపట్టున ఒకరా? మా బరంపురం లెక్క

పాపకి తొమ్మిదో నెల వచ్చేసరికి మా ఇంట్లో రోజూ ఒకటే గొడవ, దీన్ని పగలంతా ఎవరు చూసుకుంటారు అని. మాది ఒడిశాలో బరంపురం, తాతల కాలం నుంచి ఇక్కడే, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. మా ఆవిడ గవర్నమెంటు నర్సు, కటింగులన్నీ పోగా చేతికి 38,000. నేను ఒక బైకుల షోరూములో అకౌంట్స్ చూసేవాణ్ని, చేతికి 15,500. ఇద్దరిలో ఒకరు మానాలంటే ఎవరు మానాలో చెప్పడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, కానీ మా వీధిలో దానికి ఒప్పుకునే మనిషి ఒక్కళ్ళు లేరు. పక్కింటి మామ్మ ఇప్పటికీ పొద్దున్నే గేటు దగ్గర ఆపి అడుగుద్ది, "ఏటి బాబూ, ఈయేళ కూడా డ్యూటీకి ఎల్లనేదా?" అని. ఏడాదిన్నర అయింది మామ్మా, ఇంకా ఎన్నాళ్ళు అడుగుతావ్.

మా ముందు మూడు దారులున్నాయి. ఆయాని పెట్టుకుని ఇద్దరం ఉద్యోగాలు చేసుకోవడం, పాపని ఊళ్ళో మా అమ్మ దగ్గర వదిలెయ్యడం, లేదా నేను మానేసి ఇంట్లో ఉండడం. మూడూ కొద్దో గొప్పో చేసి చూసాం కాబట్టి రాస్తున్నా, గాల్లో లెక్కలు కావు.

ముందు ఆయా సంగతి. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా, నెలకి 7,000. మంచి మనిషే, పాపకి దాల్మా తినడం అలవాటు చేసింది ఆవిడే. కానీ ఒక రాత్రి పెళ్ళి శుభలేఖ కవరు వెనకాల కూర్చుని నా ఉద్యోగం నాకెంత మిగిలిస్తోందో రాస్తే తల తిరిగింది. ఆయాకి 7,000. షోరూము తొమ్మిది కిలోమీటర్లు, రానూ పోనూ పద్ధెనిమిది, నెలకి ఇరవయ్యారు రోజులు, అంటే పది లీటర్ల పైన పెట్రోలు, లీటరు వంద పైనే కాబట్టి 1,060. మధ్యాన్నం టిఫిన్లూ టీలూ 1,500. సాయంత్రం ఇద్దరం చచ్చినట్టు ఇంటికొచ్చి వండే ఓపిక లేక కర్రీ పాయింట్ నుంచి తెచ్చినవి 1,800. షోరూములో వాళ్ళ పెళ్ళిళ్ళు వీళ్ళ బారసాలలు, చందాలు 400. పాపకి జొరం వచ్చినప్పుడల్లా నేనే సెలవు పెడితే కోసిన జీతం సగటున 600. అన్నీ కూడితే 12,360. అంటే పదిహేను వేల ఐదొందల ఉద్యోగం మాకు నెలకి మిగిల్చింది 3,140. ఆ మూడు వేల కోసం రోజుకి పది గంటలు పిల్ల మొహం చూడకుండా తిరిగా.

ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి, నేను మొదట ఇక్కడే తప్పు లెక్క వేసా. చేతికొచ్చే జీతం ఒక్కటే చూసుకుంటే సరిపోదు. నా బేసిక్ పది వేలు, అందులో నా వాటా పీఎఫ్ 1,200 పోయేది, కంపెనీ ఇంకో 1,200 వేసేది, వాళ్ళు వేసిందాంట్లో 833 పెన్షన్ కిందకి, మిగతా 367 పీఎఫ్ కిందకి. అవి కూడా నా డబ్బులే కదా, కంటికి కనపడవు అంతే. అవి కలిపితే మిగులు 3,140 కాదు, 5,540. పైగా పెన్షన్ రావాలంటే పదేళ్ళ సర్వీసు నిండాలి. మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి ఐదేళ్ళు. నేను మానేసింది నాలుగేళ్ళ రెండు నెలలకి! ఇంకో పది నెలలు ఓపిక పట్టుంటే బేసిక్‌ని పదిహేనుతో గుణించి ఇరవయ్యారుతో భాగించి ఐదేళ్ళకి హెచ్చిస్తే 28,846 వచ్చేది. అకౌంట్స్ చేసేవాణ్ని, ఊళ్ళో వాళ్ళందరికీ లెక్కలు చెప్పేవాణ్ని, నా సొంత లెక్క దగ్గర బోల్తా పడ్డా. మానెయ్యాలనుకునేవాళ్ళు రాజీనామా లెటర్ రాసేముందు జాయినింగ్ డేటు ఒకసారి చూసుకోండి. పీఎఫ్ మాత్రం డ్రా చెయ్యలేదు, రేపు ఎక్కడైనా చేరితే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే పాత సర్వీసు కలుస్తుంది.

రెండో దారి అమ్మ. అమ్మ ఉండేది కవిటి దగ్గర, మా నాన్న ఉద్యోగం అయ్యాక ఇద్దరూ అక్కడికి వెళ్ళిపోయారు. ఇక్కణ్నుంచి ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు, రైల్లో వెళ్ళి అక్కణ్నుంచి ఆటో. డబ్బుల్లో చూస్తే ఈ దారి మిగతా రెంటినీ మట్టి కరిపిస్తుంది, దాంట్లో దాపరికం ఏం లేదు. పాలకీ పండ్లకీ అమ్మకి 2,500, ఆదివారం ఆదివారం మేం వెళ్ళి రావడానికి 1,200, మొత్తం 3,700, ఆయాకి ఇచ్చేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. ఐదు వారాలు చేసాం. నాలుగో ఆదివారం సాయంత్రం అమ్మ మమ్మల్ని ఎక్కించడానికి ఇచ్ఛాపురం స్టేషన్‌కి వచ్చింది పాపనెత్తుకుని, రైలు కూత వినపడగానే పాప అమ్మ పైట లాక్కుని మొహం కప్పేసుకుంది, నేను చెయ్యి చాపినా రాలేదు, తొంగి చూసి మళ్ళీ కప్పుకుంది. మా ఆవిడ రైల్లో బరంపురం దాకా మాట్లాడలేదు. దానికి తోడు అమ్మ మోకాళ్ళు. పిల్లని ఎత్తుకుని దిగుతూ మెట్ల మీద జారిందని నాకు నాన్న చెప్పారు, అమ్మ చెప్పలేదు. అరవై దాటిన మనిషికి మళ్ళీ పసిపిల్ల డ్యూటీ వేసి అది ఉచితం అని రాసుకోవడం నా వల్ల కాలేదు. అమ్మమ్మో నాన్నమ్మో గట్టిగా ఉండి ఒకే ఊళ్ళో ఉంటే మాత్రం ఇంకేం ఆలోచించొద్దు, అదే మేలు.

ఇంక మూడోది, ఒక్క జీతం. మానేసేముందు మూడు నెలలు రిహార్సల్ లాగా చేసాం, నా జీతంలో ఆయాకి ఇచ్చేది తీసి మిగతా 8,500 ముట్టుకోకుండా పక్కన పడేసి, మా ఆవిడ 38,000 తోనే ఇల్లు నడపడం. మొదటి నెల ఇరవై రెండో తారీఖుకే చేతులెత్తేసాం. రెండో నెల ఇరవై ఏడు. మూడో నెల గట్టెక్కాం, చేతిలో 25,500 పడ్డాయి, ఇప్పటికీ అదే మా అత్యవసరం డబ్బు, బ్యాంకులో కదలకుండా ఉంది. ఈ రిహార్సల్ చెయ్యకుండా దూకితే మునిగేవాళ్ళం అని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు నెల ఎలా నడుస్తుందంటే, అద్దె 8,500, సరుకులు 6,000, కూరలూ చేపలూ 4,000, బండి ఈఎమ్ఐ 2,900, అమ్మకి 2,000, పాలు 1,800. కరెంటు, గ్యాసు, మందులు, ఫోన్లు, పెట్రోలు అన్నీ కలిపి 4,800. పోస్టాఫీసు ఆర్డీ 2,500, పాప పేరు మీద సుకన్య సమృద్ధి పొదుపు 1,000. ఏడాదికొకసారి వచ్చే వాటికి, అంటే ఇన్సూరెన్సు, పండగ బట్టలు, బండి సర్వీసు, పెళ్ళిళ్ళు, నెలకి 2,500 తీసి పెట్టడం. మొత్తం 36,000, ఇంకో రెండు వేలు ఊపిరి పీల్చుకోవడానికి. ఆ ఏడాది ఖర్చుల డబ్బు విడిగా పెట్టకముందు ఏ పెళ్ళి వచ్చినా ఆ నెల గల్లంతే, పెళ్ళిళ్ళు చెప్పకుండా వస్తాయా ఏంటి, మాఘమాసం ప్రతీ ఏడూ వస్తుంది కదా.

దీంట్లో ఇంకో పోటీ ఉంది, ఫోనా, కవర్లా. రెండు నెలలు అన్నీ యూపీఐలోనే కట్టా, నెలాఖర్న స్టేట్‌మెంట్ తీసి చూస్తే ఇరవయ్యీ ముప్పయ్యీ నలభయ్యీ, నూట పదకొండు ఎంట్రీలు, దేనికి ఇచ్చానో సగం గుర్తులేదు. తర్వాత కవర్లలోకి దిగాం, ఇంట్లో ఎలాగూ పసుపు పెట్టిన పాత శుభలేఖ కవర్లు బోల్డు. చేపల కవరు మీద వినాయకుడు, అమ్మ చూసి చెంపలేసుకుంది, కవరు మార్చా. నోటు చేతిలోంచి వెళ్తుంటే చెయ్యి ఆగుతుంది, అది నిజం, గిరి మార్కెట్లో కొరమీను బేరం ఆడుతున్నప్పుడు కవర్లో ఇంకా మూడొందలే ఉన్నాయంటే నోరు దానంతటదే మూతపడి చిన్న చేపల వైపు తిరుగుతుంది. కానీ చిల్లర దొరక్కపోవడం, కవరు మర్చిపోయి వెళ్ళడం కూడా ఉన్నాయి. చివరికి కలగలుపు చేసుకున్నాం, కూరలకీ చేపలకీ మాత్రం వారానికి వెయ్యి నోట్లు కవర్లో, అద్దె, కరెంటు, ఈఎమ్ఐ లాంటి కదలని ఖర్చులు ఫోన్లో. చెయ్యి ఎక్కడ జారుతుందో అక్కడ నోట్లు, జారనిచోట ఫోను, నా ఓటు దీనికే.

సరుకులు కూడా అంతే, నెలకోసారి బడా బజార్లో హోల్‌సేల్ కొట్లో తెస్తే కందిపప్పు, నూనె, చింతపండు దగ్గర మిగుల్తుంది, కానీ బిస్కట్లూ మిక్చరూ మాత్రం నెలకి సరిపడా తెచ్చావో వారంలో అయిపోతాయి, అవి వీధి కొట్లో చిన్న ప్యాకెట్లే మేలు.

ఒక విచిత్రం చెప్తా. కార్తీకంలో ఇక్కడ ఇంటింటా నీచు మానేస్తారు, మేమూ మానేస్తాం, చేపల కవర్లో మూడు వారాలకే రెండు వేలు మిగిలి నాకు గొప్ప సంతోషం. పౌర్ణమి వెళ్ళిన మర్నాడు ఛాడొఖాయి, అంటే మళ్ళీ నీచు మొదలెట్టే రోజు, ఊరు ఊరంతా మాంసం కొట్ల ముందు క్యూ, రేటు ఆకాశంలో, ఆ రెండు వేలూ మా బావమరిది వచ్చి కూర్చున్న ఒక్క పూటకి ఎగిరిపోయాయి. ఇప్పుడు కార్తీకం మిగులు పౌర్ణమి లోపే ఆర్డీ అకౌంట్లోకి పంపేస్తా.

చాలామంది అడుగుతారు, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకి ఇచ్చే సుభద్ర డబ్బులు వస్తాయి కదా అని. మాకు రావు, మా ఆవిడది గవర్నమెంటు జీతం. మీ ఇంట్లో ఆవిడ ఇంటిపట్టున ఉంటే, 21 నుంచి 60 ఏళ్ళ లోపు ఉంటే, రేషన్ కార్డో లేదా ఏడాది ఆదాయం రెండున్నర లక్షల లోపో అయితే అడిగి చూడండి, ఏడాదికి 10,000, రాఖీ పున్నమికి సగం, మార్చి 8కి సగం, 2024లో మొదలెట్టి ఐదేళ్ళకి అన్నారు. కాకపోతే దాన్ని నెల బడ్జెట్‌లో కలపకండి, ఏడాది ఖర్చుల కవర్లో వెయ్యండి. సుకన్యలో ఇప్పుడు 8.2 శాతం వడ్డీ, ఏడాదికి 250 వేసినా అకౌంట్ బతికే ఉంటుంది, పదిహేనేళ్ళు కట్టాలి, అందుకని చేతిలో ఇబ్బందిగా ఉన్న నెల మేం ఆపేది మొదట అదే, తర్వాత నింపుకుంటాం. ఆపకూడనిది ఇన్సూరెన్సు. ఒక్క జీతం ఇల్లంటే ఆ ఒక్క మనిషికి ఏదైనా అయితే మొత్తం ఆగిపోతుంది. మాకు బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా ఇద్దరికీ ఉన్నాయి, కానీ ఒక్కోటి రెండేసి లక్షలు, రెండోది యాక్సిడెంటుకే, అవి ఎన్నాళ్ళు వస్తాయి. అందుకని మా ఆవిడ పేరు మీద టర్మ్ పాలసీ తీసుకున్నాం, ఆ మాట ఎత్తితే మా అత్తగారు రెండ్రోజులు అలిగారు, పిల్ల చావు గురించి లెక్కలేస్తావా అని.

మరి మూడింట్లో ఏది మేలు అంటే, పాపకి మూడేళ్ళు నిండేదాకా మాకు నేను ఇంట్లో ఉండడమే మేలు. నెలకి ఐదున్నర వేలు పోతున్నాయి, కాదనను. దానికి బదులు మా ఆవిడ నైట్ డ్యూటీ వారాల్లో పగలు నిద్రపోతుంది, ఇంతకుముందు అదీ లేదు. అదే నా జీతం పాతికవేలు అయ్యుంటే? అప్పుడు ఆయాయే మేలు అని రాసేవాణ్ని, మొహమాటం లేకుండా.

పోయిన వారం షోరూము నుంచి ఫోనొచ్చింది, 17,000 ఇస్తాం రమ్మని. వచ్చే నెల పాపకి మూడేళ్ళు, అంగన్వాడీకి వెళ్తుంది, ఆయా సగం పూటకి 4,000 అంటోంది. రాత్రి మళ్ళీ ఒక కవరు వెనకాల రాయడం మొదలెట్టా, పెట్రోలు దగ్గర ఉన్నా.