తెల్లవారుజాము నడకా, భోజనం తర్వాత నడకా: ఏది మేలు?

నడక మొదలుపెట్టాలనుకున్నవారిలో చాలామంది ముందుగా చేసే పని తెల్లవారుజామున ఐదింటికి అలారం పెట్టుకోవడం. కొత్త బూట్లు వేసుకుని వారం పది రోజులు ఉత్సాహంగా నడుస్తారు. ఆ తర్వాత ఒక వాన పడినా, ఊరి ప్రయాణం తగిలినా, రాత్రి పని ఆలస్యమైనా నడక ఆగిపోతుంది, మళ్లీ మొదలుకాదు. ఇందులో లోపం వారి పట్టుదలది కాదు, ఎంచుకున్న వేళది అని నా అభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలి. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత నియమాన్ని అందులో తీసివేశారు. కాబట్టి అరగంట ఏకబిగిన నడిచినా, మూడు ముక్కలుగా నడిచినా లెక్కలోకి వస్తుంది.

ఉదయపు నడకకు ఉన్న బలాలు తక్కువేమీ కావు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో ఎండ ఎక్కకముందే నడవడం తప్ప మరో దారి ఉండదు. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనైనా, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులోనైనా ఆ వేళ తోటి నడకదారులు కలుస్తారు, ఆ పరిచయాలే మరునాడు మంచం దిగేలా చేస్తాయి. ఆగకుండా నలభై నిమిషాలు వేగంగా నడిస్తే గుండెకు, ఊపిరితిత్తులకు మంచి పని పడుతుంది. అయితే రాత్రి పదకొండున్నరకు పడుకునేవారు ఐదింటికి లేస్తే ఆ నడకకు నిద్రతో మూల్యం చెల్లించినట్టే అవుతుంది. పైగా, పిల్లలకు క్యారేజీలు సర్ది, టిఫిన్లు చేసి, పంపు నీళ్లు పట్టుకోవలసిన గృహిణికి ఐదు నుంచి ఎనిమిది వరకు ఊపిరి సలపదు. ఆమెకు కూడా ఉదయమే నడవమని సలహా ఇచ్చి, కుదరకపోతే బద్ధకమనడం అన్యాయం.

భోజనం తర్వాత నడకలోని మేలు వేరు. అన్నం తిన్నాక రక్తంలో చక్కెర పెరుగుతున్న సమయంలోనే కాళ్ల కండరాలు పనిచేస్తే, అవి ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి. న్యూజిలాండ్‌లో 41 మంది టైప్-2 మధుమేహులపై జరిపి 2016లో ప్రచురించిన పరిశోధనలో, రోజులో ఏదో ఒక వేళ అరగంట నడవడాన్ని, ప్రతి భోజనం తర్వాత పది నిమిషాల చొప్పున నడవడాన్ని పోల్చి చూశారు. రెండో పద్ధతిలో భోజనానంతర చక్కెర సగటున 12 శాతం, రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం తక్కువగా నమోదైంది. తొమ్మిదింటికి అన్నం తిని, టీవీ ముందు కూర్చుని, అటు నుంచి అటే పడకెక్కే మన ఇళ్లకు ఈ విషయం ఎంతో ముఖ్యం. మన దేశంలో పది కోట్లకు పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది.

అలవాటు నిలబడే విషయంలోనూ నా మొగ్గు ఇటువైపే. లండన్‌లో 96 మందిని పరిశీలించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి కొత్త పనిని జతచేయమన్నారు. అది అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టగా, మనిషిని బట్టి ఆ గడువు 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ కలగలేదు. వానొచ్చినా, చుట్టాలొచ్చినా రాత్రి భోజనం ఆగదు కదా! కంచం తీసి చేతులు కడుక్కోగానే కంటపడేలా గుమ్మం దగ్గర చెప్పులు ఉంచుకుంటే చాలు. వీధి కుక్కల భయం ఉన్నచోట మేడ మీదో, అపార్ట్‌మెంట్ వరండాలోనో పది నిమిషాలు అటూ ఇటూ నడవవచ్చు.

ఈ నడక నింపాదిగానే ఉండాలి. కడుపునిండా తిన్న వెంటనే వేగంగా నడిస్తే కొందరికి ఛాతీలో మంట వస్తుంది. గుండెజబ్బు ఉన్నవారు, ఇన్సులిన్ లేదా చక్కెర బాగా తగ్గించే మాత్రలు వాడేవారు ఏ వేళ నడవాలన్నది డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. అటువంటి మందులు వాడుతూ పరగడుపున నడిచేవారైతే జేబులో చక్కెరో గ్లూకోజు బిళ్లలో ఉంచుకోవడం తప్పనిసరి.

చక్కెర అదుపు కోరేవారికి, ఇంతకుముందు నడక మొదలుపెట్టి మానేసినవారికి రాత్రి భోజనం తర్వాతి పది నిమిషాలే మేలు. దమ్ము పెంచుకోవాలనుకునేవారికి, నిద్ర చాలినంత దొరికేవారికి ఉదయపు నడక మేలు. రాత్రి నడక కుదురుకున్నాక సెలవు రోజుల్లో ఉదయం కూడా నడిస్తే వారపు 150 నిమిషాలకు చేరువ కావచ్చు. కండరాల బలానికి మాత్రం ఈ రెండూ చాలవు. అందుకు వారానికి కనీసం రెండు రోజులు విడిగా కసరత్తు చేయాలి, మోకాళ్లు సహకరించేవారు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదేసిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు.