జుట్టు ఎక్స్‌టెన్షన్లు అల్లి కుట్టించుకోబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గర పడుతున్నాయని ఇప్పుడే రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక పార్లర్‌లో మా చెల్లి పెళ్లికి ఎక్స్‌టెన్షన్లు కుట్టించాం. అతుకు కనపడదు, అచ్చం సొంత జుట్టులాగే ఉంటుంది అని చెప్పి 26 వేలు తీసుకున్నారు. దాని తల ఇప్పుడున్న తీరు చూస్తే నాకు కోపం ఆగడం లేదు. ఇంకో పెళ్లికూతురికి ఇలా జరగకూడదు.

వాళ్లు చేసేది ఇదీ. మన జుట్టును మాడుకు అంటిపెట్టుకునేలా సన్నటి జడలుగా, వరసలు వరసలుగా అల్లుతారు. కార్న్‌రోస్ అంటారు వీటిని. ఆ వరసల మీద వెంట్రుకల పట్టీని సూదీదారంతో కుట్టి, పైన వదిలిన సొంత జుట్టుతో కప్పేస్తారు. ఆఫ్రికన్ మహిళలు తరతరాలుగా చేసుకుంటున్న అల్లిక ఇది, ఎంతో నేర్పు కావాలి. మన జుట్టు నున్నగా ఉండి జారుతుంది కాబట్టి, ఆ నేర్పు లేనివాళ్లు జారకుండా ఉండాలని మరీ బిగించేస్తారు. మా చెల్లికి అదే జరిగింది. కుర్చీలో ఉండగానే కణతలు లాగేస్తున్నాయంది. "బిగువుంటేనే నిలుస్తుందమ్మా, రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అన్నారు.

ఆ మాట నమ్మకండి. అల్లిక గట్టిగా ఉండాలి గానీ నొప్పి పుట్టకూడదు. కణతల దగ్గర, మెడ పైన కుదుళ్ల చుట్టూ పొక్కులు వచ్చాయంటే కుదుళ్లు భరించలేకపోతున్నాయని అర్థం. చర్మ వైద్యురాలు చూసి ట్రాక్షన్ అలోపేషియా మొదలైందన్నారు, అంటే లాగుడు వల్ల జుట్టు రాలిపోవడం. మొదట్లోనే విప్పేస్తే చాలావరకు తిరిగి మొలుస్తుందట. నెలల తరబడి, మళ్లీ మళ్లీ లాగుతూ ఉంటే మాత్రం కుదురు మచ్చకట్టి, అక్కడ ఇక వెంట్రుక రాదు. విప్పినప్పుడు గుప్పెడు జుట్టు ఊడితే హడలిపోకండి, రోజూ 50 నుంచి 100 దాకా వెంట్రుకలు రాలడం మామూలే, అవన్నీ అల్లికలో ఇరుక్కుని ఒక్కసారిగా బయటికొస్తాయి. పాపిడి పక్కనో కణతల దగ్గరో మాడు కనపడుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

ఇక వెంట్రుకల సంగతి. "తిరుపతి జుట్టు, వంద శాతం ఒరిజినల్" అన్నారు మాతో. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చిన తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి వేరుచేసి ఈ-వేలంలో అమ్ముతుంది. అలా తల నుంచి నేరుగా తీసిన జుట్టును మొదలూ కొసా ఒకే దిక్కుకు ఉండేలా కట్టలు కడితే రెమీ అంటారు, అది త్వరగా చిక్కుపడదు. కానీ తిరుపతి పేరు చెప్పి ఎవరు ఏదైనా అంటగట్టొచ్చు. మన వీధుల్లో స్టీలు సామాన్లకు కొనుక్కెళ్లే చిక్కు వెంట్రుకలూ మనుషుల జుట్టే కదా! అందులో మొదళ్లూ కొసలూ కలిసిపోయి ఉంటాయి. ఒకదానికొకటి పట్టుకోకుండా యాసిడ్‌తో పైపొర తీసేసి సిలికాన్ పూస్తారు. షాపులో పట్టులా జారుతుంది. కొన్ని తలంట్లకు ఆ పూత పోయి ఉండ కడుతుంది. అందుకే "మనిషి జుట్టేనా?" అని అడిగి ఊరుకుంటే చాలదు, రెమీయేనా అని అడగాలి.

మాకు ఇచ్చింది పూర్తిగా మనిషి జుట్టు కూడా కాదు. రిసెప్షన్‌కి స్ట్రెయిట్నర్ పెట్టగానే కొసలు ముడుచుకుపోయి కరిగాయి. ఇంటికొచ్చి నాలుగు పోగులు కత్తిరించి కాల్చాను. మనిషి వెంట్రుక అయితే వెంట్రుక కాలిన కంపు కొట్టి, వేళ్లతో నలిపితే బూడిదవుతుంది. ప్లాస్టిక్ పోగు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. మా కట్టలో రెండూ ఉన్నాయి.

ఈ పరీక్ష కుట్టకముందే, వాళ్ల ముందే చేయండి. శాంపిల్ పోగు కాదు, మీ తలకు కుట్టబోయే కట్టలో మధ్య నుంచీ, పట్టీ దగ్గర నుంచీ తీయించండి. ఒక పోగును వేళ్ల మధ్య కిందకీ పైకీ జార్చి చూడండి, కొస నుంచి మొదలు వైపు గరుగ్గా తగలాలి. రెండు వైపులా నున్నగా జారితే పైపొర తీసేసిందైనా అయ్యుంటుంది, ప్లాస్టికైనా అయ్యుంటుంది. దేనికీ ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

డబ్బు వెనక్కి అడిగితే "వాడిన సరుకు తీసుకోం" అన్నారు. బిల్లు మీద "హెయిర్ సర్వీస్" అని మాత్రమే ఉంది, వెంట్రుక రకం లేదు, బరువు లేదు. మీరు మాత్రం రెమీ అని, ఎన్ని గ్రాములో, ఎన్ని అంగుళాలో రాయించుకోండి. అడ్వాన్సు కూడా బిల్లు చేతికొచ్చాకే ఇవ్వండి. మేం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం, కరిగిన కొసలు, పొక్కుల ఫొటోలు, డాక్టర్ చీటీ అన్నీ దాచిపెట్టాం. ఇలాగే మోసపోయినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ కట్టను పారేయకండి, అదే మీ సాక్ష్యం.

ఒక్క పెళ్లి రోజు కోసమే అయితే నన్నడిగితే సవరం చాలు. బరువు తక్కువున్నది చూసి జడలో కలిపి అల్లి, పైన పూలజడ కట్టేస్తే ఎవరికీ తెలియదు, రాత్రికి తీసేసి హాయిగా పడుకోవచ్చు.